సంక్రాంతి తర్వాత పాత ఆసియా సినిమాల సీజన్: ఎవరు ఏ పని పట్టుకుంటారో ఇక్కడే చెప్పండి

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. మొన్న మన తెలుగు సంఘం మీటింగ్‌కి రానివాళ్ల కోసం మొత్తం మళ్ళీ రాస్తున్నా, కాస్త పొడుగే, ఓపిక పట్టండి. పండక్కి ఊళ్లకెళ్లినోళ్లు తిరిగి చెన్నై చేరాక, జనవరి ఆఖరి ఆదివారం మొదలుపెట్టి ఐదు ఆదివారాలు, సాయంత్రం ఒక్కో సినిమా. డిసెంబర్ ఎందుకు కాదంటే మార్గళి, అంటే మన ధనుర్మాసం, కచేరీల టైములో హాలు దొరకదు, దొరికినా మన పెద్దాళ్లంతా సభల్లోనే ఉంటారు, ఫిల్మ్ ఫెస్టివల్ కూడా అప్పుడే వస్తది. నవంబర్ వాన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పటికి అనుకున్నవి ఇవీ. ఉదయ్ శంకర్ 'కల్పన' 1948ది, శ్రీలంక నుంచి లెస్టర్ జేమ్స్ పెరీస్ 'రేఖావ' 1956ది, ఇండోనేషియా నుంచి ఉస్మార్ ఇస్మాయిల్ 'లెవాత్ జామ్ మాలామ్' 1954ది, జపాన్ డైరెక్టర్ ఓజు మూకీ 'ఐ వాజ్ బార్న్, బట్...' 1932ది, ఆఖర్న మన 'ఒక ఊరి కథ' 1977ది. ఇవే ఎందుకు అని ఇద్దరు ముగ్గురు అడిగారు. 'కల్పన' మొత్తం ఇక్కడే జెమినీ స్టూడియోలో తీశారు, ఇప్పుడు మనం హారన్లు కొట్టుకుంటూ ఫ్లైఓవర్ ఎక్కే చోటన్నమాట, కెమెరా కె. రామ్‌నాథ్‌ది, డాన్సర్ అక్కచెల్లెళ్లు లలితా పద్మినీ చిన్న వయసులో కనబడతారు. సింహళ సినిమా సంగతి ఇంకా తమాషా, వాళ్ల మొదటి టాకీ 1947లో వచ్చింది, అది తీసింది మదురైలో, ఆ తర్వాత చాలా ఏళ్లు వాళ్లు పడవో రైలో ఎక్కి ఇటువైపు వచ్చి మన స్టూడియో సెట్లలోనే తీసుకుని పోయేవాళ్లు, పాటలూ ఫైట్లూ కూడా మన పద్ధతే. 'రేఖావ' వచ్చాకే కెమెరా పల్లెటూరికి పోయింది, ఎండలో, చెట్లకింద, అక్కడి మనుషుల మధ్య. 1957లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి కూడా వెళ్లింది. అంటే మన మద్రాసు స్టూడియోల్ని వదిలించుకుని బయటపడ్డ సినిమా, దాన్ని మద్రాసులో కూర్చుని చూడ్డం నాకైతే సరదాగా ఉంది. 'ఒక ఊరి కథ' మీకు తెలిసిందే, ప్రేమ్‌చంద్ కథ, బెంగాలీ మృణాల్ సేన్ డైరెక్షన్, భాష తెలుగు.

ఇండోనేషియాది స్వాతంత్ర్య యుద్ధం నుంచి ఇంటికొచ్చిన సైనికుడు మామూలు బతుకులో ఇమడలేకపోవడం. ప్రింటు పాడైపోతే సింగపూర్ నేషనల్ మ్యూజియం, హాలీవుడ్ డైరెక్టర్ స్కోర్సెసీ వాళ్ల ఫౌండేషన్ కలిసి 2012లో బాగుచేయించారు. 'కల్పన' కూడా ఆ ఫౌండేషనే, పాత సినిమాలు దాచే పుణే ఆర్కైవ్‌లో ఉన్న కాపీల్లోంచి.

హాలు ఇంకా ఖాయం కాలేదు. చెప్పండి.

వడపళని అన్న:
అన్నీ బావున్నాయమ్మా, కాదనట్లేదు, కానీ ఇందులో ఒక్కటంటే ఒక్కటి మనోళ్లు పేరు విన్నది లేదు. 'మాయాబజార్' ఒకటి పెట్టు, హాలు నిండిపోద్ది, కింద కూర్చుని చూస్తారు. వాహినీలో తీసింది, మా నాన్న సైకిలేసుకుని గేటు దగ్గర నిలబడేవాడంట.

కోఆర్డినేటర్:
అన్నా, నిండుద్ది, నాకూ తెలుసు. కానీ డైలాగు డైలాగు నోటికొచ్చిన సినిమాకి సీజన్ ఎందుకు, టీవీలో వారం వారం వస్తానే ఉంటది కదా. అసలు నేను వేద్దామనుకున్నది 'కాళిదాసు', 1931 అక్టోబర్ 31న ఇక్కడే, మద్రాసు కినిమా సెంట్రల్లో రిలీజైంది, సగం తమిళం సగం తెలుగు, టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే ఎదుటివాళ్లు తెలుగులో జవాబు చెప్పేవాళ్లంట, అచ్చం మన అపార్ట్‌మెంట్ లిఫ్టులో మాట్లాడుకున్నట్టు. ఎల్.వి. ప్రసాద్ గారు కూడా ఉన్నారు అందులో. ఈ ఊళ్లో మన సంఘం వేయాల్సిన సినిమా ఏదైనా ఉందంటే అదే. ప్రింటు లేదు. నైట్రేట్ రీళ్లు, నిప్పంటుకుంటే ఆరవు, ఆడినన్నాళ్లు ఆడాక వెండి కోసం కరిగించి అమ్ముకునేవాళ్లు. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే దొరికేవి ముప్పై లోపే. అందుకే అన్నా, దొరికేవాటిల్లో ఎప్పుడూ చూడనివి వేద్దాం అంటున్నా. మీ నాన్నగారి సైకిల్ కథ మాత్రం 'కల్పన' రోజు స్టేజి మీద చెప్పాలి మీరు, తప్పించుకోలేరు.

వడపళని అన్న:
సరే సరే. సాలిగ్రామంలో ప్రివ్యూ థియేటర్లు నాకు తెలిసినోళ్లవి రెండు మూడున్నాయి, ఆదివారం సాయంత్రం రేటు అడుగుతా. ఆర్.ఎ. పురం ఠాగూర్ ఫిల్మ్ సెంటర్ కూడా కనుక్కో, అవతల అడయారు, మైలాపూరు వాళ్లకి అదే దగ్గర. వడపళని వైపైతే మెట్రో పనులతో ఏ వారం ఏ రోడ్డు మూస్తారో ఎవరికీ తెలీదు, కార్లేసుకుని రావద్దని ముందే చెప్పాలి.

తాంబరం తమ్ముడు:
అక్కా, ప్రొజెక్షన్ పని నాకు వదిలేయండి. కొన్ని విషయాలు ఇప్పుడే చెప్తా, ఎందుకంటే ఆఖరి నిమిషంలో ఇవే కొంప ముంచుతాయి. ఆర్కైవులు ఇప్పుడు రీళ్లు పంపడం తక్కువ, పంపినా 35 ఎం.ఎం. ప్రొజెక్టర్ నడిపేవాళ్లు దొరకరు, డీసీపీ, అంటే థియేటర్‌లో వేసే డిజిటల్ కాపీ, హార్డ్ డిస్క్‌లో వస్తది. దానికి తాళం ఉంటే కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి అడగాలి, ఆ తాళంచెవి ఆ థియేటర్ సర్వర్‌కే పనిచేస్తది, ఇచ్చిన టైములోనే తెరుచుకుంటది. ఆదివారం సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది అని ఇచ్చారనుకోండి, శనివారం టెస్ట్ చేద్దామన్నా బొమ్మ రాదు. కాబట్టి శుక్రవారం నుంచే తెరుచుకునేలా అడగండి, హాలు ఖాయం చేయకుండా అసలు అడగనే కూడదు, హాలు మారిస్తే తాళంచెవి కూడా మళ్ళీ చేయించాలి. రెండోది, ఈ పాత సినిమాలకి దాదాపు చదరంగా ఉండే ఫ్రేము, అంటే వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లో అటూ ఇటూగానో, ఆపరేటర్ అలవాటు కొద్దీ ఇప్పటి వెడల్పు ఫ్రేము 1.85లో పెట్టేశాడంటే తలలూ కాళ్లూ ఎగిరిపోతాయి, సబ్‌టైటిల్స్ కూడా కిందకి పోతాయి. ఓజు అయితే కెమెరా నేలబారున పెట్టి తీస్తాడు, మనుషులు చాపల మీద కూర్చునుంటారు, పైన కోస్తే ఇంక చూడ్డానికేం మిగలదు. పక్కల నల్లగా ఉందేంటని జనం అడిగితే అంతే అని చెప్పండి.

నుంగంబాక్కం అక్క:
పర్మిషన్ల ఫైలు నేను తీసుకుంటా, మా ఆఫీసులో సగం పని ఇదే. అందరూ కలిపేసుకుంటున్నారు గానీ ఇక్కడ మూడు వేరువేరు కాగితాలున్నాయి. ఆర్కైవ్ ఇచ్చేది కాపీ మాత్రమే, వేసుకునే హక్కు నిర్మాత దగ్గరో వాళ్ల వారసుల దగ్గరో ఉంటది, వాళ్ల ఉత్తరం వేరే కావాలి. అది లేకపోతే ఆర్కైవ్ డిస్కు కదలదు. ఇంక విదేశీ సినిమాలకి మన సెన్సార్ సర్టిఫికెట్ ఉండదు కదా, దానికి ఢిల్లీ నుంచి, సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. లాభం కోసం కాదు, పేరు నమోదు చేసుకున్నవాళ్లకే అనే షరతు మీద ఇస్తారు. అందుకని గేటు దగ్గర టికెట్ అమ్మడం అనే మాట ఎవరూ ఎత్తకండి, పోస్టర్ మీద కూడా వద్దు. ముందే ఫారం నింపాలి, లిస్టులో పేరుండాలి, అంతే. పక్కింటి వాళ్లని తీసుకొచ్చాం లోపలికి పంపండి అంటే కుదరదు, మా మావయ్యగారైనా సరే. నాకు సినిమాల లిస్టు, రన్నింగ్ టైము, ఒక్కోదానికి నాలుగు లైన్ల కథ ఈ నెలాఖరుకి కావాలి.

పెరంబూరు వదిన:
అసలు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. ఇవన్నీ ఇంగ్లీషు సబ్‌టైటిల్సేగా? మా అత్తగారికి ఇంగ్లీషు రాదు, వచ్చినా ఆ స్పీడుకి అందుకోలేరు, పావుగంటకి ఒత్తిగిలి నిద్రపోతారు. పోనీ తెలుగు సబ్‌టైటిల్స్ వేద్దామంటే మా అబ్బాయికి తెలుగు చదవడం రాదు, ఇంట్లో గడగడా మాట్లాడతాడు, అక్షరాలు మాత్రం తమిళం. తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత బళ్లో చేరిన పిల్లలంతా ఇంతే కదా ఇక్కడ. ఒకే ఇంట్లో ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే సినిమా చూపించడం ఎలా చెప్పండి.

మైలాపూరు మాస్టారు:
అమ్మాయ్, నువ్వడిగిన దానికి జవాబు ఆ జపాన్ సినిమాలోనే ఉంది. 1932లో మనకి 'భక్త ప్రహ్లాద' మాట్లాడేసింది, అదే ఏడాది అక్కడ ఓజు ఇంకా మూకీ తీస్తున్నాడు, వెనకబడి కాదు. అక్కడ తెర పక్కన బెన్షీ అని ఒక మనిషి నిలబడి కథ మొత్తం గొంతు మార్చి మార్చి చెప్పేవాడు, జనం హీరోని కాదు ఆ బెన్షీని చూసి టికెట్ కొనేవాళ్లు. వాళ్లకి అంత పలుకుబడి ఉండబట్టే టాకీలు అక్కడ నిలదొక్కుకోడానికి టైము పట్టింది, పెద్ద డైరెక్టర్ కురొసావా వాళ్ల అన్నగారు కూడా బెన్షీనే. కొరియాలోనూ ఉండేవాళ్లు. థాయ్‌లాండ్‌లో అయితే యాభై అరవైల్లో కూడా 16 ఎం.ఎం. మీద మాటల్లేకుండా తీసి, హాల్లోనే మైకులో అప్పటికప్పుడు డైలాగులు చెప్పేవాళ్లు. మనకీ కొత్త కాదు, మూకీల రోజుల్లో తెర మీద వచ్చే మాటల కార్డులు చదివి వినిపించే మనిషి మన హాళ్లలోనూ ఉండేవాడు, అందరికీ చదువెక్కడిది అప్పట్లో. రఘుపతి వెంకయ్య గారు ఈ ఊళ్లో గెయిటీ సినిమా హాలు కట్టింది 1914లో, ఆ కాలం మాట ఇది. చెవికి తెలుగు అందితే మీ అత్తగారికీ సరిపోద్ది, మీ వాడికీ సరిపోద్ది.

కోఆర్డినేటర్:
మాస్టారూ, ఇది వదలొద్దు. నాకైతే సీజన్‌కి ఇదే ప్రాణం అనిపిస్తోంది, ఐదు సినిమాల్లో ఇదొక్కటి మనం తప్ప ఇంకెవరూ వేయలేని పద్ధతిలో వేస్తాం. ఎవరు చెప్తారు మరి? హరికథలు చెప్పే ఆయన ఒకరున్నారని కమిటీలో అన్నారు.

మైలాపూరు మాస్టారు:
ఆయన గొంతు గొప్పది, కానీ ఇది ఆయన సరుకు కాదేమో. కథ చిన్నది. ఇద్దరు అన్నదమ్ములు, టోక్యో శివార్లకి కొత్తగా మారతారు, నాన్న బాస్ ఇంటి దగ్గరికి. ఇంట్లో పులిలాంటి నాన్న బాస్ ముందు కోతి వేషాలేయడం వాళ్లు ఒక ఇంటి సినిమాలో చూసేస్తారు, అందరూ నవ్వుతుంటారు, వీళ్లకి తల కొట్టేసినట్టవుతుంది, అన్నం మానేస్తారు. దీనికి గజ్జెలూ చిడతలూ కట్టి చెప్తే ఆ పిల్లల మొహాలు ఎవరు చూస్తారు. సగం సేపు నోరు మూసుకోవడం తెలిసినవాడు కావాలి. కార్డు వచ్చినప్పుడు చదవాలి, పిల్లల మాటలు పిల్లల్లాగా అనాలి, ఆ ఇంటి సినిమా సీనులో మాత్రం ఒక్క ముక్క మాట్లాడకూడదు.

పెరంబూరు వదిన:
అంటే మీరే మాస్టారూ.

తాంబరం తమ్ముడు:
+1 మాస్టారు. మ్యూజిక్ ఏంటి మరి, మూకీ అంటే హాల్లో ఏసీ చప్పుడు తప్ప ఏం వినపడదు. కీబోర్డు వద్దు ప్లీజ్, సీరియల్‌లా అయిపోద్ది.

కోఆర్డినేటర్:
మన పిల్లల్లో వయొలిన్ నేర్చుకునే అమ్మాయి ఉంది, మార్గళి అయ్యాక ఖాళీయే. వయొలిన్ ఒక్కటి చాలు. మిగతా నాలుగు సినిమాలకి తెరపక్క మనిషి కుదరదు, వాటికి వాటి గొంతులున్నాయి, మీద మాట్లాడితే ఎవరికీ ఏదీ వినపడదు. వాటికి మొదలెట్టే ముందు ఐదు నిమిషాలు తెలుగులో ఎవరు ఎవరో, ఊరు ఏదో, ఏ సంవత్సరమో చెప్దాం. క్లైమాక్స్ చెప్పొద్దు బాబాయిలూ, ముఖ్యంగా పోయినసారి మైకు పట్టుకున్నాయన. 'కల్పన' హిందీ, పెద్దగా ఇబ్బంది లేదు, సగం నాట్యమే. 'ఒక ఊరి కథ'కి అసలు గొడవే లేదు, దాన్ని ఆఖర్న పెట్టింది కూడా అందుకే, నాలుగు వారాలు కష్టపడ్డాక ఐదో వారం పెద్దాళ్లు కాళ్లు చాపుకుని చూస్తారు, కాళ్లు చాపుకునే కథ కాదనుకోండి అది.

నుంగంబాక్కం అక్క:
జపాన్ది హక్కుదారుకి రాసేటప్పుడు తెలుగులో కథనం, వయొలిన్ రెండూ ఉంటాయని మొదటి ఉత్తరంలోనే రాస్తా. తర్వాత చెప్తే ఒప్పుకోకపోవచ్చు.

వేళచ్చేరి పిన్ని:
నేను కాఫీ, టిఫిన్ల మాటే మాట్లాడతా, నాకొచ్చింది అదే. థియేటర్ లోపల తిండి వద్దంటారు కాబట్టి సినిమాకి ముందు నాలుగున్నరకే బయట పెట్టేస్తాం, పులిహోర, సుండల్, కాఫీ. షుగరున్నవాళ్లు ఫారంలో రాయండి. ఠాగూర్ సెంటరైతే ఎంఆర్‌టీఎస్ రైల్లో గ్రీన్‌వేస్ రోడ్డులో దిగి వచ్చేయొచ్చు, స్టేషన్ మెట్లు మాత్రం పెద్దాళ్లకి కష్టం, ఆటో మాట్లాడి పెట్టడానికి ఇద్దరు కుర్రాళ్లు కావాలి.

తాంబరం తమ్ముడు:
ఆటోలకి నేనూ మా రూమ్మేటూ. మాస్టారూ, ట్రయల్ ఎప్పుడు?

మైలాపూరు మాస్టారు:
ఇరికించారు కదరా. వచ్చే ఆదివారం పదింటికి మా ఇంటికి రండి, టీవీలో పెట్టుకుని చదివి చూస్తా. పెరంబూరు అమ్మాయ్, మీ అత్తగారిని తప్పకుండా తీసుకురా, ఆవిడకి నిద్రొస్తే ఇంకొకర్ని చూసుకోండి. మీ వాడినీ తీసుకురా, ఆ చిన్న తమ్ముడి మాటలు వాడు చెప్తాడేమో చూద్దాం.

పెరంబూరు వదిన:
కార్డులు తెలుగులో రాస్తే వాడు చదవలేడు మాస్టారూ, చెప్పాగా.

మైలాపూరు మాస్టారు:
తమిళ అక్షరాల్లో తెలుగు రాసిస్తా. పది గంటలకి, టిఫిన్ చేసి రావద్దు.