ప్రభుత్వం పారదర్శకంగా ఉండాలంటే ముందు ఏం చేయాలి?

గోదారిగట్టు:
నా మటుకు మొదటి పని జీవోలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టడం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలు పెట్టే జీవోఐఆర్ సైట్ ఆపేశారు, 2024లో మళ్లీ తెరిచారు. ఇది వచ్చిన ప్రభుత్వం ఇష్టానికి వదిలేసే విషయం కాదు, చట్టంలో రాయాలి. తెలంగాణలోనూ జీవోలు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో ఉండాలని 2021లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మానేరు రైతు:
జీవో చదువుకుని ఏం చేస్తాం సార్? సమాచారం ఇవ్వనివాడికి శిక్ష పడాలి. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) సెక్షన్ 20 ప్రకారం రోజుకు 250, గరిష్ఠంగా 25 వేల జరిమానా. వేసేదెవరు? తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనర్ కూడా లేడు. కమిషన్‌కు వెళ్లే రెండో అప్పీళ్లన్నీ అన్నాళ్లూ అలాగే పడి ఉన్నాయి.

నా సంగతే చెబుతా. మా చెరువు పూడికతీత ఎం.బుక్, అంటే పని కొలతలు రాసే పుస్తకం, నకలు అడిగాను. 30 రోజుల్లో ఇవ్వాలి. గడువు దాటాక ఒక్క లైను ఉత్తరం వచ్చింది: ‘ఫైలు లభ్యం కావడం లేదు’. సంతకం కింద తేదీ కూడా వేయలేదు. మొదటి అప్పీలుకు పోతే, ఆ ఉత్తరం రాసినాయనే పై ఆఫీసరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

విజయనగరం:
కమిషన్ ముఖ్యం. రైతు గారి మాటే నా మాట.

గోదారిగట్టు:
పూడికతీతకు నిధులిచ్చిన జీవో దొరికితే ఎం.బుక్ అవసరమే లేదు.

మానేరు రైతు:
జీవోలో ఎంత ఇచ్చారో ఉంటుంది. ఎంత తవ్వారో ఎం.బుక్‌లోనే ఉంటుంది!

పంచాయతీ కార్యదర్శి:
జరిమానా అంటున్నారు, అది కట్టేది నాలాంటివాళ్లం. బోర్డు మీద పీఐఓగా, అంటే సమాచారం ఇవ్వాల్సిన అధికారిగా, పేరు నాది. ఎం.బుక్ ఇంజినీరు (ఏఈ) దగ్గర, బిల్లు పాసయ్యేది ఇంకోచోట. లేని కాగితం నేనెక్కడి నుంచి తేను?

మానేరు రైతు:
సాకులు చెప్పకండి. వేరే ఆఫీసుదైతే ఆర్టీఐ సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో అక్కడికి పంపాలి. ఏఈ సాయం అడిగితే 5(5) కింద ఆయనా పీఐఓతో సమానమే, జరిమానా ఆయనకే పడుతుంది. ఎప్పుడైనా రాతపూర్వకంగా అడిగారా?

పంచాయతీ కార్యదర్శి:
అడిగితే ఆ ఏఈతో మర్నాడు నేనెలా పనిచేయాలి? చెత్త బండి, పన్నులు, పింఛన్లు, సర్వేలు అన్నీ నా నెత్తినే. మీరొక్క వారం వచ్చి కూర్చోండి, అప్పుడు మాట్లాడదాం.

నల్లమల అక్క:
మీ ఇద్దరి గొడవలో అడిగేవాడి సంగతి ఎవరికీ పట్టలేదు. మా తమ్ముడు రేషన్ షాపు స్టాక్ రిజిస్టర్ కోసం దరఖాస్తు పెట్టాడు. మర్నాడే డీలర్ మనుషులు ఇంటికొచ్చి అమ్మను బెదిరించారు. వాడి పేరు, అడ్రసు వాళ్లకు ఎవరిచ్చారు? అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఏదీ అడగలేదు.

అందుకే అడగకుండానే తెలియాలంటాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీకి సామాజిక తనిఖీ చేశారు. కూలీల హాజరు పట్టీలు (మస్టర్లు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడిగారు, గ్రామసభలో చదివి వినిపించారు, మండలంలో ప్రజావేదిక పెట్టారు. అక్కడ ప్రశ్న ఊరిది. ఒక్కడి మీద పగ పట్టడం కష్టం. ఇదే పద్ధతి రేషన్‌కూ, హాస్టళ్లకూ, చెరువు పనులకూ రావాలి.

మానేరు రైతు:
ప్రజావేదికలో తేల్చిన రికవరీ మా మండలంలో ఇప్పటికీ కట్టలేదమ్మా. భయం లేకపోతే ఎవడూ కట్టడు. శిక్ష వద్దంటే ఎలా?

నల్లమల అక్క:
వద్దనలేదన్నా. రెండో అప్పీలు దాకా పోవాలంటే ఏళ్లపాటు ఎదురుచూసే ఓపిక, ఊళ్లో నిలబడే బలం ఉండాలి. మీకు భూమి ఉంది, నలుగురు మాట వింటారు. మా తమ్ముడు కూలికి పోయేది ఆ డీలర్ చుట్టాల పొలానికే. మీరు చెప్పే పద్ధతిలో వాడెప్పటికీ అడగలేడు.

మానేరు రైతు:
సరే, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ అడగకుండానే చెబుతామని పంచాయతీ గోడ మీద తప్పుడు లెక్క అంటిస్తే? అప్పుడైనా కమిషన్ కావాలి కదా.

గోదారిగట్టు:
అంటించమని ముందు జీవో ఉండాలి.

పంచాయతీ కార్యదర్శి:
పనుల కొలతలు, చెల్లింపులు పంచాయతీ గోడ మీద పెట్టమని ఆర్డర్ రానివ్వండి, రేపే పెడతా. అప్పుడు ఏఈ కూడా నన్ననడు.

మానేరు రైతు:
ఆర్టీఐ చట్టం సెక్షన్ 4లో ఖర్చులు, చెల్లింపుల నివేదికలు మీ అంతట మీరే ప్రకటించాలని ఉంది. గడువు 120 రోజులు. అది 2005 నాటి మాట. ఇంకే ఆర్డర్ కావాలి మీకు?