ఫస్టియర్ తర్వాత వచ్చే వేసవి: కోచింగ్‌కా, అప్లికేషన్‌కా?

రాజాం అమ్మ:
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి ఎంపీసీ ఫస్టియర్ చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి గానీ ఇంజినీరింగ్ మీద దానికి మనసు లేదు. ఎకనామిక్స్ అంటుంది, సాహిత్యం అంటుంది. బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, సోనీపట్‌లో అశోకా, కుదిరితే అమెరికా అని నోట్‌బుక్ వెనక లిస్టు రాసుకుంది. కాలేజీ వాళ్ళేమో సెలవుల్లోనూ క్లాసులుంటాయి, హాస్టల్లోనే ఉంచండి అంటున్నారు. మా ఆయనదీ అదే మాట. ఇంకోపక్క విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఆరు వారాల రీసెర్చ్ ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్, పిల్ల పేరు మీద ఒక పేపరు, అన్నీ కలిపి లక్షకు దగ్గరగా చెప్పారు. అది లేకపోతే అప్లికేషన్ ఖాళీగా కనిపిస్తుందట. ఆ మాట విన్న దగ్గర్నుంచి టెన్షన్‌గా ఉంది. గొలుసు తాకట్టు పెట్టైనా కడదామా అనిపిస్తోంది. ఏటి చెయ్యాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఫిజిక్స్ మాస్టారు, విజయనగరం:
అమ్మా, ఆ కన్సల్టెన్సీకి రూపాయి కట్టొద్దు. గొలుసు మెడలోనే ఉంచుకోండి. కానీ సెలవుల క్లాసుల సంగతి వేరు. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలోనే వచ్చేస్తుంది. మన ఎంసెట్‌లో (పేరు ఈఏపీసెట్ అయినా అందరం అనేది అదే) ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఫస్టియర్లో రొటేషనల్ మోషన్ దగ్గర తడబడ్డ పిల్లలు ఆ వేసవిలో సరిచేసుకోకపోతే మళ్ళీ దానికి టైము దొరకదు. పాతికేళ్ళుగా చూస్తున్నాను. ఎకనామిక్స్ అంటున్న పిల్ల రేపు మనసు మార్చుకుంటే? పదహారేళ్ళ వయసది. ఒక తలుపు మూసుకుపోకుండా చూడటం పెద్దవాళ్ళ పని. వేసవిలో మొక్కలు నాటిన ఫోటోలు ఏ ర్యాంకూ తేవు.

పొందూరు నాన్న:
మాస్టారూ, మీ మాటలో సగంతో ఏకీభవిస్తాను. మిగతా సగానికి జవాబు కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఎందుకంటే మూడేళ్ళ కిందట మా ఇంట్లోనూ ఇదే గొడవ.

ముందు ఏ గుమ్మం తట్టబోతున్నామో తేల్చుకోవాలి. జేఈఈకి గానీ నీట్‌కి గానీ ఎంసెట్‌కి గానీ వేసవిలో ఏం చేశావని అడిగే గడే లేదు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ అయితే పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. ఆ దారిలో వెళ్ళే పిల్లలకు మాస్టారు చెప్పిందే సరి, మిగతాదంతా అనవసర హైరానా. కానీ అశోకాకు వ్యాసాలు రాయాలి, ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది, ఇంటర్వ్యూ ఉంటుంది. అజీమ్ ప్రేమ్‌జీకి రాత పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. అమెరికాకు కామన్ యాప్ అని ఒకే ఫారం చాలా కాలేజీలకు పనికొస్తుంది. అందులో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చేసిన పనులు పదికి మించకుండా రాయాలి. ఒక్కో పనికీ 150 అక్షరాలే ఇస్తారు, ఖాళీలతో కలిపి. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. ఇది కాక 650 పదాల లోపు ఒక వ్యాసం.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. అమెరికా కాలేజీలు చాలావాటికి తొలి గడువు నవంబరు 1, అంటే పిల్ల సెకండియర్ మధ్యలో ఉండగానే. సెకండియర్ పరీక్షల తర్వాత వచ్చే వేసవి ఇక దేనికీ లెక్కకు రాదు. మిగిలేవి మూడే వేసవులు: తొమ్మిది అయ్యాక, పది అయ్యాక, ఫస్టియర్ అయ్యాక. పది అయ్యాక వచ్చేది అన్నిటికన్నా పొడుగు, దాన్ని మనం ఇంటర్ బ్రిడ్జి కోర్సులకు ధారపోస్తున్నాం. మీ అమ్మాయికి ఇది ఆఖరి వేసవి, అందుకే ఇంతగా చెబుతున్నాను.

మావాడు ఫస్టియర్ సెలవుల్లో వాళ్ళ నాయనమ్మ దగ్గర ఉన్నాడు. పొందూరు ఖద్దరు గురించి అందరూ వినే ఉంటారు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చేతిలో పట్టేంత ఎముక, దాని పళ్ళు వేలికి గరుగ్గా తగులుతాయి. గింజకు అంటుకున్న దూది దాంతో గీరుతుంటే చెత్త రాలిపోయి పోగులు సాపుగా వస్తాయి. వడకడానికి తయారైన దూది చుట్టల్ని, అంటే ఏకుల్ని, ఎండిన అరటి దొప్పలో దాస్తారు. వడికిన నూలు వంద కౌంటు దాకా వెళుతుంది, కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నం. మావాడు ఇదంతా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు, ఏనాడూ పట్టించుకోలేదు. ఆ వేసవి మాత్రం ఒక నోట్‌బుక్ పెట్టుకుని, వీధిలో తొమ్మిదిమంది వడికేవాళ్ళ దగ్గర రోజూ పొద్దున్నే కూర్చుని, ఎన్ని గంటలకు ఎంత నూలు వచ్చింది, దానికి ఎంత ముట్టింది, కళ్ళద్దాలు ఎన్నాళ్ళకోసారి మార్చుకుంటున్నారు, ఇవే రాసుకున్నాడు. ఆరు వారాలు. గంటకు ఎంత పడుతుందో లెక్క కట్టిన రోజు వాడు అన్నం సరిగ్గా తినలేదు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ మా బీరువాలో ఉంది, మధ్యలో రెండు పేజీల మీద చింతపండు మరక.

నూలు వల్ల సీటొచ్చిందని నేను చెప్పను. మార్కులు లేకపోతే ఆ వ్యాసం తిరగేసేవాళ్ళే ఉండరు. కానీ ఇంటర్వ్యూలో వాణ్ణి ఎంతసేపు అడిగినా మాట తడుముకోలేదు, ఎందుకంటే అది వాడు చూసింది. లక్ష పెట్టి కొన్న పేపరు మీద రెండో ప్రశ్న వేస్తే పిల్ల ఏం చెబుతుంది? కట్టిన డబ్బు పోతే పోయింది, అబద్ధం మోస్తున్న బెరుకుతో ఆ పిల్ల ఎదుటివాళ్ళ ముందు కూర్చోవాలి. అది నేను ఏ పిల్లకీ కోరుకోను.

పలాస చెల్లెమ్మ:
అన్నయ్యా, బాగా రాశారు. కానీ నోట్‌బుక్ పట్టుకుని ఆరు వారాలు కూర్చోవడం కూడా ఉన్నవాళ్ళకే కుదురుతుంది. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పీలింగ్‌కి వెళ్తాను. సెలవులొస్తే మా అమ్మాయే వంట చేస్తుంది, తమ్ముణ్ణి చూసుకుంటుంది, వాళ్ళ తాతని డయాలసిస్‌కి తీసుకెళుతుంది. మాది ఉద్దానం, మా కిడ్నీల గొడవ మీకందరికీ తెలిసిందే. దానికి వేసవంటే అదే. మరి దాని అప్లికేషన్ ఖాళీయేనా?

పొందూరు నాన్న:
చెల్లెమ్మా, ఖాళీ కాదు. కామన్ యాప్‌లో పనుల రకాలు ఎంచుకునే చోట ఇంటి బాధ్యతలు అని విడిగా ఒక గడి ఉంది. జీతానికి చేసిన పనికీ ఉంది. వారానికి ముప్పై గంటలు తాతని, తమ్ముణ్ణి చూసుకున్నానని రాస్తే అది పనే, దాన్ని అలాగే చదువుతారు. మన పిల్లలు సిగ్గుపడి రాయరు, అంతే. తాతను తీసుకెళ్ళిన రోజుల్లో ఏం చూసిందో, ఎంతసేపు ఎదురుచూసిందో, పక్క బెడ్డు మీద ఏ ఊరి వాళ్ళున్నారో రాత్రికి నాలుగు వాక్యాలు రాసుకోమనండి. దానికి కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదు.

బెంగళూరులో చదువుతున్న పాలకొండ అమ్మాయి:
ఆంటీ, నేను నిరుడు ఇంటర్వ్యూ ఇచ్చాను. నా దగ్గర ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు పదకొండు ఉన్నాయి. వాటి గురించి ఒక్కటీ అడగలేదు. మా ఊళ్ళో చిన్నపిల్లలకు రెండు వేసవులు లెక్కలు చెప్పానని రాశాను, దాని మీదే ఇరవై నిమిషాలు. ఎంతమందితో మొదలుపెట్టావు, ఆఖరికి ఎంతమంది మిగిలారు, మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు అని అడిగారు. పద్నాలుగు మందితో మొదలై ఐదుగురు మిగిలారని నిజం చెప్పాను. మామిడికాయల సీజన్లో తోటల్లోకి పోయారు అని చెబితే నవ్వి, మరి టైము ఎందుకు మార్చలేదని అడిగారు. రెండో వేసవి మార్చానని చెప్పాను.

ఫిజిక్స్ మాస్టారు, విజయనగరం:
పొందూరు బాబూ, పది తర్వాత వేసవి గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. నేనూ ఆ బ్రిడ్జి కోర్సుల్లో పాఠాలు చెప్పినవాణ్ణే. ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డు కింద పిల్లలు ఏం నేర్చుకున్నారని నన్ను నేను అడిగితే గట్టిగా చెప్పలేను.

కానీ ఒక విషయంలో మాత్రం తగ్గను. రాజాం అమ్మా, పొద్దున రెండు గంటలు లెక్కలకూ ఫిజిక్స్‌కూ ఇమ్మనండి, ఇంట్లోనే. మీ ఆయన మొదటి అనుమానం మార్కులే కదా, అవి పడిపోతే మిగతా ప్లాను ఆయన ఒప్పుకోరు. రెండోది, అమెరికా ఫారాలకు టీచర్ల సిఫార్సు లేఖలు కావాలి. మన జూనియర్ కాలేజీల్లో ఆ పని చూసే కౌన్సెలర్లు ఎక్కడున్నారు? ఎనభైమంది క్లాసులో పిల్ల పేరు తెలిసిన లెక్చరర్‌ని ఒకరిని పట్టుకుని, జూన్‌లో కాలేజీ తెరవగానే అడగాలి. అక్టోబరులో అడిగితే నాలాంటివాడు కూడా నాలుగు ముక్కలు బరికి ఇచ్చేస్తాడు.

డబ్బు సంగతి కూడా ముందే తెలుసుకోండి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ లాంటి కొన్నే విదేశీ పిల్లల విషయంలోనూ ఇంటి స్తోమత చూడకుండా సీటు నిర్ణయించి, అవసరమైనంత సాయం చేస్తాయి. వాటిలో పోటీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మిగతా చాలాచోట్ల సాయం అడిగితే సీటే కష్టమవుతుంది. అజీమ్ ప్రేమ్‌జీ, అశోకాల్లో ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గింపు ఉంది. నేనైతే ముందు వాటి మీదే గురిపెట్టమంటాను.

మీకు చిన్నమ్మాయి ఉండి ఎనిమిదిలో ఉంటే ఇంకో మాట. ఇస్రో వాళ్ళది యువికా అని 2019లో మొదలైంది, తొమ్మిదో తరగతి పిల్లలకు వేసవిలో రెండు వారాలు. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు చూస్తారు, పల్లెటూరి బళ్ళ పిల్లలకు అదనంగా వెయిటేజీ ఇస్తారు. ప్రయాణం, బస అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఇలాంటివి ఉండగా డబ్బు కట్టే క్యాంపుల వైపు చూడొద్దు.

రాజాం అమ్మ:
అందరికీ దండం. రాత్రి మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. పలాస చెల్లెలు రాసింది రెండుసార్లు చదవమన్నారు.

అమ్మాయికి ఫోన్ చేసి, కన్సల్టెన్సీ లేదు, హాస్టలూ లేదు, ఈ వేసవి నువ్వేం చేస్తావో నువ్వే చెప్పు అన్నాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కథానిలయం అంది. శ్రీకాకుళంలో 1997లో కారా మాస్టారు (కథకులు కాళీపట్నం రామారావు గారు) పెట్టిన కథల లైబ్రరీ, అందరికీ తెలుసు కదా. మన జిల్లాల వాళ్ళు వలసపోవడం మీద వచ్చిన కథలు అక్కడ చదువుతుందట. తర్వాత రాజాం వచ్చి మా వీధిలో ఏ ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి పోయారో, ఏ ఏడు పోయారో, నెలకెంత పంపుతున్నారో రాసుకుంటుందట. కథలో ఉన్నదీ వీధిలో ఉన్నదీ ఒకటేనా కాదా చూస్తానంది. మా మరిది చెన్నైలో సెంట్రింగ్ పనికి పోయి పద్దెనిమిదేళ్ళు. మొదటి పేరు బాబాయిదే రాస్తానంది.

పొద్దున రెండు గంటల లెక్కలకు ఒప్పుకుంది మాస్టారూ. మా ఆయన ఈ ఆదివారం హాస్టలుకి వెళ్ళి పెట్టె తెస్తున్నారు. దార్లో కథానిలయం ఎన్ని గంటలకు తెరుస్తారో కూడా కనుక్కుంటానన్నారు.