పదిహేనేళ్లు దాటిన ఎస్‌యూవీ ఇంకా ఎన్నాళ్లు నడుస్తుంది? ఒక్కరూ సూటిగా చెప్పడం లేదు

ఉప్పల్ వాసి: పొద్దున్నే బండి మెకానిక్ షెడ్డులో పెట్టాను, సాయంత్రమైంది, ఇంకా బయట స్టూలు మీదే కూర్చున్నాను. ఒకాయన ఇంజిన్ దింపాలి, లక్ష దాటుతుంది అంటాడు. పక్క షెడ్డాయన బానెట్ ఎత్తకుండానే అమ్మేయండి సార్ అంటాడు. బామ్మర్ది ఫోన్ చేసి ఇంకో పదేళ్లు ఢోకా లేదు బావా అంటాడు. నెట్‌లో ఒకచోట రెండు లక్షల కిలోమీటర్లు, ఇంకోచోట ఐదు లక్షలు. ఇంట్లో అమ్మానాన్నలతో కలిపి ఆరుగురం, కొత్తది కొనే పరిస్థితి ఇప్పుడు లేదు. అసలు ఫ్యామిలీ ఎస్‌యూవీ ఎన్నేళ్లు వస్తుంది? ఒక్క ముక్కలో చెప్పండి, దండం పెడతాను.

స్పానర్: ఏ బండి? ఎంత తిరిగింది? ప్రాబ్లం ఏంటి? పొగ ఏ రంగు?

ఉప్పల్ వాసి: ఏడు సీట్ల డీజిల్, 2010 మోడల్. కంపెనీ పేరు చెబితే ఇక్కడ కొట్లాట మొదలవుతుంది, వద్దు. పొగ అంటే పొగే కదా, ఎక్కువ వస్తోంది.

టైర్ల మాస్టారు: ఇంజిన్ సంగతి తర్వాత. ముందు టైర్లు ఎప్పటివి? అందరూ అరుగుదల చూస్తారు, వయసు ఎవరూ చూడరు. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగే బండికి గాడులు లోతుగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం గట్టిపడి సన్నగా బీటలిస్తుంది. అలాంటి టైర్లతో ఆరుగురిని ఎక్కించుకుని మే నెల ఎండలో ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే ఇంజిన్ ఎన్నేళ్లు వస్తుందన్న ప్రశ్నే రాదు. స్టెప్నీ కూడా చూడండి. నా అనుభవంలో సగం పాత బండ్లకి స్టెప్నీ కంపెనీ నుంచి వచ్చిందే ఉంటుంది.

స్పానర్: ఆయన అడిగింది టైర్ల గురించి కాదు.

రూల్స్ రావుగారు: 2010 అంటే 15 ఏళ్లు నిండాయి. బండి లైఫ్ అయిపోయినట్టే. స్క్రాప్‌కి ఇచ్చేయడమే.

డీజిల్ బాబాయ్: రావుగారూ, అయిపోయేది ఆర్సీ గడువు, బండి కాదు. సొంత బండికి మొదట 15 ఏళ్లు ఇస్తారు, ఆ తర్వాత ఆర్టీఏ వాళ్లు బండి చూసి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేస్తారు. కారుకి ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది, పైన గ్రీన్ ట్యాక్స్. గడువు దాటితే నెలకింత అని లేటు ఫీజు కూడా.

రూల్స్ రావుగారు: డీజిల్‌కి పదేళ్లే అని టీవీలో చూశాను.

డీజిల్ బాబాయ్: అది ఢిల్లీ, చుట్టుపక్కల ఎన్‌సీఆర్ గొడవ సార్. 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఆర్డర్. హైదరాబాద్‌కి వర్తించదు.

రూల్స్ రావుగారు: సరే, కానీ ఆర్సీ లేకుండా తిరిగితే యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. అది మాత్రం రాసిపెట్టుకోండి.

ట్రావెల్స్ అన్న: మా దగ్గర నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిన బండ్లు ఇంకా విజయవాడ ట్రిప్పులు కొడుతున్నాయి అన్నా. రోజూ హైవే మీద ఇంజిన్ వేడిగా తిరిగితే ఏం కాదు. ఇంట్లో బండ్లే తొందరగా పోతాయి. స్కూలుకి, గుడికి, కూరగాయలకి రెండేసి కిలోమీటర్లు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తారు, మసంతా పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో పేరుకుంటుంది. మీది ఎంత తిరిగింది?

ఉప్పల్ వాసి: లక్షా అరవై వేలు. ఎక్కువగా తార్నాక ఆఫీసుకి, పండక్కి ఊరికి. పొగ నల్లగానే ఉంది. ఇప్పుడే ఎక్సలేటర్ తొక్కించి చూశాను.

డీజిల్ బాబాయ్: అయితే ఇవాళ ఇంజిన్ దింపనివ్వకండి. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ పడుతోంది, లేదా గాలి తక్కువ అందుతోంది. ఎయిర్ ఫిల్టర్, టర్బో గాలి పైపు (హోస్) చీలిక, ఈజీఆర్, ఇంజెక్టర్లు, ఈ వరసలో చూడాలి. నీలం పొగొస్తూ ఆయిల్ తగ్గుతుంటే అప్పుడు పిస్టన్ రింగుల అనుమానం. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద సీలు) అనుమానం. ఇంజెక్టర్లకి రిటర్న్ టెస్ట్ చేయమనండి. నాలుగు రిటర్న్ పైపులకి నాలుగు చిన్న సీసాలు కట్టి కాసేపు స్టార్టింగ్‌లో ఉంచుతారు. ఏ సీసా మిగతావాటికంటే ముందు నిండిపోతే ఆ ఇంజెక్టర్ అరిగింది. తర్వాత కంప్రెషన్ చూపించి, నాలుగు సిలిండర్ల రీడింగులూ కాగితం మీద రాయించుకోండి. అవి బాగుంటే సిలిండర్లు బోరు కొట్టించాలన్న మాటే అనవసరం.

స్పానర్: రింగులు వేరు, బోరు వేరు. మెకానిక్ ఏది అన్నాడు?

ఉప్పల్ వాసి: ఓవరాలింగ్ అన్నాడు.

స్పానర్: ఏమేం మారుస్తాడో లిస్ట్ రాయించుకో. ఆ మాటకి షెడ్డుకో అర్థం.

టైర్ల మాస్టారు: టైర్ల నంబర్ చూశారా?

ఉప్పల్ వాసి: చూస్తాను సార్. ఇంకోటి, 2020 అక్టోబరు వానల్లో సెల్లార్‌లోకి నీళ్లొచ్చి సీట్ల దాకా మునిగింది. ఆరబెట్టి, ఆయిల్ మార్పించి వాడుతున్నాం. దానికీ దీనికీ సంబంధం లేదుగా?

స్పానర్: అది మొదట్లో చెప్పాలి.

డీజిల్ బాబాయ్: ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది అదే. ఇలాంటి బండికి ఇంజిన్ భాగాలు రాణీగంజ్ స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతాయి, పుచ్చిన ఛాసిస్‌కి (బండి కింది ఇనుప ఫ్రేము) బదులు ఇంకోటి దొరకడం మాత్రం కష్టం. వైజాగ్ బీచ్ రోడ్డు బండ్లతో పోలిస్తే మన దగ్గర తుప్పు తక్కువే, కానీ మునిగిన బండి లెక్క వేరు. లిఫ్ట్ ఎక్కించి ఛాసిస్ పొడవునా చిన్న సుత్తితో కొట్టి చూడమనండి. గట్టి చోట ఖంగుమంటుంది, పుచ్చిన చోట డొల్ల చప్పుడు వచ్చి పెళ్లలు రాలతాయి. వరద మట్టి ఫ్రేము రంధ్రాల్లో ఉండిపోయి ఏళ్ల తరబడి లోపలి నుంచే తింటుంది. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం దింపి చూడండి. పాల టీ రంగులోకి తిరిగి ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టు. సీటు కింద వైరింగ్ కప్లర్లు విప్పితే పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఫ్రేము బాగుంటే ఇంజిన్‌కి పెట్టే ఖర్చు దండగ కాదు, నాలుగైదేళ్లు ధైర్యంగా వాడుకోవచ్చు. ఫ్రేము పోతే మాత్రం రూపాయి పెట్టకండి, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయండి.

రూల్స్ రావుగారు: ఇందాకటి నుంచీ అడుగుదామనుకుంటున్నా, ఆర్సీ రెన్యువల్ అయిందా లేదా?

ఉప్పల్ వాసి: ఆర్సీ నాన్నగారి పేరు మీద ఉంది, కనుక్కోవాలి. షెడ్డు మూసేస్తున్నారు. ఇంజిన్ వద్దని చెప్పి, లిఫ్ట్ ఉన్న చోటికి రేపు తీసుకెళ్తాను. థాంక్స్ బాబాయ్.

ట్రావెల్స్ అన్న: డ్రైవ్ చేసుకుంటూ పోతే హ్యాండ్‌బ్రేక్ కూడా చూసుకో అన్నా, మునిగిన బండ్లకి కేబుల్ పట్టేస్తుంది.

బోడుప్పల్ బ్రో: గ్రూప్‌కి కొత్త. నాది 2013 మోడల్, ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోంది. సెట్ మొత్తం మార్చాలా, ప్లేట్ ఒక్కటి చాలా?