అప్‌డేట్: ప్యూబిస్ ఫ్రాక్చర్, పెల్విక్ నొప్పి కోడింగ్

బాత్‌రూంలో జారిపడిన అమెరికా వృద్ధురాలి చార్టులో ప్యూబిస్ (కటి ముందు భాగపు ఎముక) ఫ్రాక్చర్, పెల్విక్ (కటి) నొప్పి రెండూ ఉన్నాయని, ఫ్రాక్చర్‌కు ఎస్32.5తో పాటు నొప్పికి ఆర్10.2 వర్గపు కోడ్ కూడా ఇవ్వాలా అని అడిగిన విజయవాడ మెడికల్ కోడర్‌ను (రోగుల చార్టులకు కోడ్‌లు కేటాయించే ఉద్యోగిని) నేనే. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

నొప్పి ఆ ఫ్రాక్చర్ లక్షణమే కాబట్టి, ఐసీడీ-10-సీఎం (అమెరికాలో వాడే రోగ నిర్ధారణ కోడ్‌ల వ్యవస్థ) మార్గదర్శకాల ప్రకారం దానికి వేరే కోడ్ అక్కర్లేదు. అంతకంటే ముఖ్యమైనది మీలో ఒకరు లేవనెత్తిన ప్రశ్న: ఆమెకు ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉందా? క్వెరీ (డాక్టర్‌ను స్పష్టత కోరే ప్రశ్న) పంపగా, ఉందని, ఆరోగ్యకరమైన ఎముక అంత చిన్నగా జారిపడితే సాధారణంగా విరగదని డాక్టర్ గారు రాతపూర్వకంగా తెలిపారు. అలాంటి సందర్భంలో రోగి జారిపడినా సరే, గాయానికి చెందిన ఎస్32 కాకుండా ఎం80 (ఆస్టియోపోరోసిస్ వల్ల ఎముక విరగడం) వర్గాన్నే వాడాలి గనుక, క్రియాశీల చికిత్స నడుస్తున్నందున కోడ్‌లో చికిత్స దశను తెలిపే ఏడో అక్షరంగా 'ఎ' చేర్చి చార్టు ముగించాను. ఎముక మామూలుగా అతుకుతున్న దశలో వచ్చే తదుపరి చార్టులకు అదే స్థానంలో 'డి' వస్తుంది.