విశాఖపట్నంలో డాల్ఫిన్ ప్రదర్శన ఉందా? పిల్లలకు ఏమేమి చూపించవచ్చు?

ప్రశ్న (హనుమకొండ)

సంక్రాంతి సెలవులలో మా పిల్లలిద్దరినీ విశాఖపట్నం తీసుకువెళ్లాలని అనుకుంటున్నాము. పాకాల చెరువు, రామప్ప చెరువు తప్ప వారికి పెద్ద నీళ్లు తెలియవు. చేప అంటే కొర్రమీను, బొచ్చె, రవ్వ మాత్రమే. ఇక్కడి ట్రావెల్స్ వారు ఒకరు అక్వేరియంతో పాటు డాల్ఫిన్ల ఆటలు కూడా చూపిస్తామని చెబుతున్నారు. అది నిజమేనా? అక్వేరియం కోసమే అంత దూరం వెళ్లడం సబబేనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (కాజీపేట)

నిజం కాదండి. డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని 2013 మే నెలలో దేశంలోని జూలను పర్యవేక్షించే సెంట్రల్ జూ అథారిటీ రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. కనుక విశాఖలోనే కాదు, మన దేశంలో ఎక్కడా అటువంటి ఆట చూపించరు. మీ పిల్లలు ఫోనులో చూసే వీడియోలు విదేశాలవి. ఆ మాట చెప్పి డబ్బు అడిగితే అడ్వాన్సు ఇవ్వకండి.

సమాధానం (కరీంనగర్, జంతుశాస్త్ర అధ్యాపకురాలు)

పై మాటకు కారణం కూడా పిల్లలకు చెబితే బాగుంటుంది. డాల్ఫిన్ తాను చేసే ధ్వని దేనికైనా తగిలి తిరిగి వచ్చే తీరును బట్టి దారినీ ఆహారాన్నీ గుర్తిస్తుంది. రోజంతా మైళ్ల కొద్దీ ఈదే అటువంటి జీవిని నాలుగు గోడల తొట్టిలో ఉంచి, చేప ముక్క ఆశ చూపి గెంతించడం నాకైతే వినోదంగా తోచదు.

ఆర్కే బీచ్‌లోని మత్స్యదర్శిని అక్వేరియం చిన్నదే, గంటలో చూడడం అయిపోతుంది. అసలైన అక్వేరియం రుషికొండ వైపు, తెన్నేటి పార్కు దిగువన ఉన్న రాళ్ల మధ్యే ఉందని నా అభిప్రాయం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆ రాళ్ల గుంటలలో నీరు నిలుస్తుంది. కదలకుండా ఒక గుంట దగ్గర కూర్చుంటే, గవ్వను ఇల్లుగా మోసుకుపోయే సన్యాసి పీత బయటికి వస్తుంది. రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకున్న సీ ఎనిమోన్ అనే మెత్తని జీవి ఏదైనా తగిలితే ముడుచుకోవడం కూడా కనిపించవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజులలో నీరు మరింత వెనక్కి పోతుంది కనుక, ఆటుపోట్ల వేళలు ముందుగా చూసుకుని వెళ్లండి. పట్టు ఉన్న చెప్పులు వేయండి, నాచు మీద జారుతుంది. దేన్నీ పెకలించనివ్వకండి.

సమాధానం (విశాఖపట్నంలో స్థిరపడిన వరంగల్ వాసి)

తెల్లవారేసరికి ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లండి. పడవల నుండి దించే వంజరం, చందువ, కానాగడతలు, సొరలు చూస్తే పిల్లలకు చాలా అర్థమవుతుంది. వేసవిలో రావాలనుకుంటే మాత్రం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉంటుందని గుర్తుంచుకోండి. జనవరిలో మొదలయ్యే కాలంలో ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఎదురైతే టార్చి వేయకుండా దూరంగా నిలబడాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ట్రావెల్స్ మానుకున్నాము. రైలు ఏది మేలు?

సమాధానం (కాజీపేట)

పిల్లలతో అయితే రాత్రి ప్రయాణమే సుఖం, గోదావరి ఎక్స్‌ప్రెస్ మేలు. పగలు కావాలంటే వందేభారత్ కూడా వరంగల్‌లో ఆగుతుంది. సంక్రాంతికి హైదరాబాద్ జనమంతా కోస్తాకే కదులుతారు కనుక, అరవై రోజుల ముందు రిజర్వేషన్ తెరిచిన ఉదయమే టికెట్లు చేయించండి.