మాంగా బొమ్మలు: ఒక కన్ను కుదిరితే రెండోది కుదరట్లేదు

చిట్టిపెన్సిల్
అందరికీ నమస్తే. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. మూడు నెలలుగా మాంగా (జపాన్ కామిక్స్) బొమ్మలు సొంతంగా నేర్చుకుంటున్నాను. ఒక కన్ను బాగా వస్తుంది. రెండోది వేసేసరికి చెవి వైపు జారిపోతుంది, లేదా పెద్దదైపోతుంది. చెరిపి చెరిపి కాగితం చిరిగిపోతోంది. కళ్ళు రెండూ ఒకేలా రావాలంటే ఏం చెయ్యాలి? ఏ పెన్సిల్ కొనాలి? ఫోన్‌లో నేర్చుకోవచ్చా? చేతులు ఎలా వెయ్యాలి? (ప్రస్తుతం నా బొమ్మలన్నీ చేతులు వెనక్కి కట్టుకునే నిలబడ్డాయి.)

గోదారిగట్టు
పెన్సిల్‌తో సరిపెట్టుకో తమ్ముడూ. నేను ఎగబడి మొదటి నెలలోనే జీ-పెన్ (సిరాలో ముంచి గీసే కలం), పాళీలు, వాటర్‌ప్రూఫ్ సిరా తెప్పించాను. కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుందని ఎవరు చెప్పారు కనక! సిరా నిలవదు, గీత మధ్యలో తెగిపోతుంది. వారం రోజులు నా చెయ్యే బాలేదని ఏడ్చాను. టిష్యూతో గట్టిగా తుడిస్తే పోయింది, అంతే. పైగా గీసింది జిరాక్స్ కాగితం మీద. హీరో జుట్టు చుట్టూ సిరా జెర్రి కాళ్ళలా పాకింది.

కిటికీఅద్దం
చేతులు దాచడం అందరం చేసిందే. నా వాళ్ళందరికీ ప్యాంటు జేబులుండేవి. కళ్ళ సంగతికొస్తే, నచ్చిన బొమ్మ మీద పల్చటి కాగితం పెట్టి రోజుకి పది సార్లు దిద్దు. పలక మీద అక్షరాలు దిద్దే కదా నేర్చుకున్నాం.

స్టూడియోసింహం
దయచేసి పిల్లలకి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. పద్నాలుగేళ్ళుగా యానిమేషన్‌లో ఉన్నాను, ఉద్యోగానికి వచ్చేవాళ్ళ బొమ్మలు వందల్లో చూశాను. దిద్ది నేర్చుకున్నవాణ్ణి రెండు నిమిషాల్లో పట్టేస్తాను. గీత అందంగా ఉంటుంది, లోపల పుర్రె ఉండదు. అదే ముఖాన్ని పక్కకి తిప్పి గియ్యమంటే నీళ్ళు నములుతాడు. ముందు రెండేళ్ళు అనాటమీ (ఒంటి నిర్మాణం), ఆ తర్వాతే మాంగా.

కిటికీఅద్దం
రెండేళ్ళా! ఈలోపు వాడి డిగ్రీ సగమైపోతుంది సార్. చిన్నప్పుడు కాగితానికి కొబ్బరినూనె రాసి, ఆరాక చందమామ పేజీ మీద పెట్టి బొమ్మలు దించేవాణ్ణి. ఒకసారి సరిగా ఆరకముందే పెట్టేశాను. నూనె కింది పేజీకి దిగి, ముందు వైపు రాజుగారు, వెనక వైపు భేతాళుడు ఒకేసారి కనబడ్డారు. మా నాన్న వీపు విమానం మోత మోగించారు. కానీ నాకు గీత వచ్చింది అక్కడే.

స్టూడియోసింహం
వచ్చింది గీత కాదు, జిరాక్స్.

కిటికీఅద్దం
మీ బొమ్మ ఒక్కటి ఇక్కడ పెట్టండి, చూసి తరిస్తాం.

హైదరాబాద్‌ఒటాకు
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. జపాన్‌లో పేరున్న చాలామంది మాంగా కళాకారుల దగ్గర అసిస్టెంట్లుంటారు. ఫొటో పెట్టుకుని దాని మీదే వీధులు, భవనాలు గీయడం అక్కడ మామూలు. ఇంకొకరి బొమ్మ దించి తనదని అచ్చేసుకుంటే మాత్రం ఊరుకోరు. 2005లో ఒకావిడ పుస్తకాల్లో అలాంటివి బయటపడితే నడుస్తున్న సీరియల్ ఆపేసి, వచ్చిన పుస్తకాలన్నీ వెనక్కి తీసుకున్నారు. ఇంట్లో నోటుబుక్కులో దిద్దుకుంటే ఎవరికి నష్టం?

బుల్లిరాకెట్
అసలు ఈ పెద్ద కళ్ళ గోల ఎందుకు? జపాన్ వాళ్ళ కళ్ళు చిన్నవి కాబట్టి బొమ్మల్లో పెద్దవి వేసుకుని ముచ్చట తీర్చుకుంటారట.

హైదరాబాద్‌ఒటాకు
అట, అట! ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. మాంగా కళాకారుడు ఒసాము తెజుకా డిస్నీ బొమ్మలు చూసి పెరిగిన మనిషి. 1952లో మొదలైన ఆయన ఆస్ట్రో బాయ్‌లో కళ్ళు చూడండి, అమెరికా కార్టూన్ల పోలిక తెలిసిపోతుంది. అంతకుముందే ఆడపిల్లల పత్రికల్లో జున్‌ఇచి నకహర లాంటివాళ్ళు పెద్ద పెద్ద కళ్ళ బొమ్మలు వేశారు. కోపం, ఏడుపు, ఆశ్చర్యం అన్నీ కంట్లోనే చూపించొచ్చు, అదీ లాభం. మన బాపు గారి బొమ్మ కళ్ళు చెంపదాకా సాగి ఉంటాయి కదా, తెలుగువాళ్ళవి చిన్న కళ్ళు కాబట్టి అలా వేశారంటారా?

బుల్లిరాకెట్
బాపు గారిని ఈ కార్టూన్లతో పోల్చకండి. ఒళ్ళు మండేది ఇప్పుడు నాకు.

గోదారిగట్టు
బాపు గారి పేరు వచ్చిందంటే ఇక తెల్లారినట్టే. టీ పెట్టుకొస్తా.

రెండోబెంచీ
కోర్సుల జోలికి మాత్రం పోకండి. పదిహేను వేలు కట్టాను, సంస్థ పేరెందుకులెండి. ఎనిమిది క్లాసుల్లో ఆరు క్లాసులు సారు తన పాత బొమ్మలు చూపించుకున్నారు. ఏడో క్లాసులో కోడిగుడ్డు ఆకారం గీసి ఇదే తల అన్నారు. ఎనిమిదో దానికి నేను వెళ్ళలేదు. అన్నట్టు ఫోన్‌లో హాయిగా నేర్చుకోవచ్చు. ఐబిస్ పెయింట్ అని బొమ్మలు గీసే యాప్ ఉంది, ఉచితం, ప్రకటనలు భరించాలంతే. వణికే గీతని అదే నిలబెడుతుంది. వేలితో కాకుండా సన్న మొన ఉన్న స్టైలస్ (ఫోన్ తెర మీద గీసే కలం) అయినా కొనుక్కో, వేలి కింద ఏం గీస్తున్నామో కనబడదు.

మాడరేటర్
వ్యక్తిగత విమర్శలున్న మూడు పోస్టులు తీసేశాం. బాపు గారి మీద వేరే చర్చ ఉంది, అక్కడ మాట్లాడుకోండి.

ముగ్గులపీట
మా అమ్మాయితో పాటు నేనూ నేర్చుకుంటున్నాను, నాకు యాభై రెండేళ్ళు. బాబూ, ఒక కన్ను రెప్పలతో సహా పూర్తి చేసి రెండోదానికి వెళ్తున్నావా? ముగ్గులో ఒక పక్క పువ్వుకి రేకులన్నీ వేసేసి రెండో పక్కకి వెళితే కలుస్తుందా ఎక్కడైనా? నేను ముఖానికి అడ్డంగా కళ్ళ గీత వేసి దాని మీద నాలుగు చుక్కలు పెడతాను, ఒక్కో కంటికి రెండు మూలలు. మధ్యలో ఇంచుమించు ఇంకో కన్ను పట్టేంత చోటు. తర్వాత రెండు పై రెప్పలు, రెండు కింది రెప్పలు, చివర్లో రెండు పాపలు. ఏదైనా జంటగానే. అయ్యాక కాగితం తిప్పి వెనక నుంచి బల్బు వెలుగులో చూడు. వంకర ఇట్టే తెలిసిపోతుంది.

రెండోబెంచీ
ఐబిస్‌లో దానికి బటనే ఉంది, బొమ్మని అద్దంలోలా తిప్పేస్తుంది. మొదటిసారి నొక్కినప్పుడు నా హీరోయిన్‌ని చూసి నేనే జడుసుకున్నాను.

చిట్టిపెన్సిల్
ఆంటీ, చుక్కలు పెట్టి చూశాను. రెండు కళ్ళూ అచ్చం ఒకేలా వచ్చాయి! కానీ ముఖం ఇప్పుడు ఇంకా వింతగా ఉంది. ఫొటో పెట్టాను, చూడండి.

స్టూడియోసింహం
మొదటి రోజే ఫొటో పెట్టి ఉంటే ఇంత రామాయణం ఉండేది కాదు. నువ్వు ముఖాన్ని ముప్పావు వంతు కనబడేలా పక్కకి తిప్పావు. దాని మీద ఎదురుగా చూసే ముఖం కళ్ళు అతికించావు. పక్కకి తిరిగిన ముఖంలో రెండు కళ్ళూ ఒకేలా ఉండకూడదు. అవతలి కన్ను వెడల్పు తగ్గాలి, ఎత్తు దాదాపు అంతే. ముక్కు వైపు దగ్గరగా జరగాలి. తల గుండ్రం మీద నడిమి గీతని వంపుగా వేసుకో, పుచ్చకాయ మీద చారలా. అప్పుడు అవతలి పక్క ఎంత చోటుందో నీకే కనబడుతుంది.

ముగ్గులపీట
అయితే నా చుక్కలు పనికిరావంటారా?

స్టూడియోసింహం
భేషుగ్గా పనికొస్తాయండీ. అవతలి జంట చుక్కల్ని దగ్గరగా పెట్టుకుంటే చాలు. జంటగా గీయమన్నారు చూడండి, మా దగ్గర కొత్తవాళ్ళకి నేనూ అదే చెబుతాను.

కిటికీఅద్దం
ఇది మొదటే చెప్పుంటే నా నూనె కాగితం కథ బయటపడేది కాదు కదా సార్.

స్టూడియోసింహం
నూనె కాగితం నేనూ చేశాను లెండి. మాది కిరసనాయిలు.

చిట్టిపెన్సిల్
పుచ్చకాయ గీత వేసి మళ్ళీ గీశాను. అవతలి కన్ను మొదటిసారి ముఖంలోనే ఉంది! మూడోసారికి చెరపాల్సిన అవసరం కూడా రాలేదు. చెవి ఎక్కడ పెట్టాలో తెలియక జుట్టు కప్పేశాను. పెన్సిల్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

గోదారిగట్టు
2బి.

బుల్లిరాకెట్
2బి చేతికంతా అంటుకుంటుంది. హెచ్‌బి.