చిలీ కారెటెరా ఆస్ట్రల్: రెండు వారాలు చాలునా?

అనంతపురం_బండి:
అన్నలారా, జనవరిలో నేనూ మా తమ్ముడూ చిలీకి పోదామనుకుంటున్నాం. ప్యూర్టో మాంట్ నుంచి విల్లా ఓ హిగ్గిన్స్ దాకా, కారెటెరా ఆస్ట్రల్ అనే రోడ్డు మీద దాదాపు 1240 కిలోమీటర్లు, అద్దె కారులో నడపాలని ఆశ. ఆత్మకూరు-దోర్నాల అడవి దారి మాకు బాగా అలవాటే. రెండు వారాలు చాలునా? జీపు లాంటి పెద్ద బండి కావాలా?

కర్నూలు_కొండారెడ్డి_బురుజు:
కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టు తమ్ముడూ. ఆ రోడ్డు ఏకధాటిగా ఉండదు, సముద్రం కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన చోటల్లా తెగిపోయి, బండిని పడవ ఎక్కించాల్సిందే. హోర్నోపిరెన్ దాటాక వరసగా రెండు ఫెర్రీలు, మధ్యలో కొద్దిపాటి నేల దారి. జనవరి అంటే వాళ్లకు ఎండాకాలం సెలవులు, టికెట్ ముందే తీసుకోకపోతే రేవులోనే రోజు పోతుంది. ఇంకోటి, విల్లా ఓ హిగ్గిన్స్ తర్వాత కారు దారి లేదు, వచ్చిన దారినే వెనక్కి రావాలి. దాన్ని లెక్కలో వేసుకున్నావా?

అనంతపురం_బండి:
లేదన్నా. అయితే ఏది వదిలేయమంటారు?

కడప_గండికోట:
దక్షిణం కొస వదిలేయ్ అబ్బాయ్. చైటెన్ నుంచి రియో ట్రాంకిలో దాకా నింపాదిగా చూస్తే చాలు. కేలాట్ పార్కులో రెండు బండల నడుమ వేలాడే మంచు కింది నుంచి జలపాతాలు దూకుతుంటాయి, చూస్తుండగానే ఓ పెళ్ల విరిగి పడుతుంది, చప్పుడు ఆ తర్వాత వినబడుతుంది. కానీ అక్కడ వాన ఎక్కువ, మబ్బు పట్టిందంటే ఏమీ కనబడదు, అందుకే ఆ పక్క ఊళ్లో ఒక రోజు అదనంగా ఉంచుకో. ట్రాంకిలోలో పాలరాతి గుహలకు పొద్దున్నే పడవ ఎక్కు, మధ్యాహ్నానికి గాలి లేచి సరస్సులో అలలు పెరుగుతాయి.

బండి విషయానికొస్తే, ఎండాకాలంలో మామూలు కారుతో పోయేవాళ్లున్నారు గానీ సెర్రో కాస్టియో దాటాక అంతా కంకరే, చక్రాల కింద గరుకు గరుకుగా అదురుతుంది. నేల నుంచి ఎత్తుగా ఉన్న బండి తీసుకో, మంచి స్టెపినీ ఉందో లేదో తాళం తీసుకునేటప్పుడే చూసుకో. ఎదురుగా లారీ వస్తే స్పీడు తగ్గించు, రాళ్లు ఎగిరి అద్దానికి తగులుతాయి. పెట్రోలు బంకు కనబడితే సగం ట్యాంకు ఉన్నా నింపేయ్.

కర్నూలు_కొండారెడ్డి_బురుజు:
గండికోట అన్న మాటే నాదీ. ట్రాంకిలో నుంచి వెనక్కొచ్చి కారు కోయాయికే ఊళ్లో అప్పజెప్పి, దగ్గర్లోని బాల్మసేడా నుంచి విమానం ఎక్కండి. వేరే ఊళ్లో అప్పజెబితే అదనంగా వసూలు చేస్తారు, ముందే అడగండి. అర్జెంటీనా వైపు పోవాలనుకుంటే మాత్రం, కారు సరిహద్దు దాటడానికి అద్దె ఆఫీసు నుంచి అనుమతి కాగితం కావాలి, అది అప్పటికప్పుడు ఇవ్వరు.